దిక్కు, తిథి, దీవి

అండమాన్ ప్రయాణం ఖాయం చేసుకున్న కుటుంబం ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: సముద్రపు ఒడ్డున గడిపే ఆ నాలుగు రోజులూ హేవ్‌లాక్‌లో ఉండాలా, నీల్‌లో ఉండాలా? 2018 డిసెంబరు 30 నుంచి హేవ్‌లాక్ అధికారికంగా స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. ప్రయాణికుల నోట పాత పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా అవే వాడుకుందాం. రెండూ రిచీ ద్వీపసమూహంలోవి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు నలభై కిలోమీటర్ల దూరం. ఆ సమూహంలో ఊళ్లు వెలసిన దీవులు ఈ రెండే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలు అడవి కొట్టి, పొలాలు చేసుకుని ఈ ఊళ్లను నిలబెట్టాయి. హేవ్‌లాక్ విస్తీర్ణం సుమారు 92 చదరపు కిలోమీటర్లు, నీల్ 14 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఈ తేడాను చూపించి సాధారణంగా ఒక సలహా ఇస్తారు: సౌకర్యాలు కావాలంటే పెద్ద దీవికి, ప్రశాంతత కావాలంటే చిన్న దీవికి వెళ్లమని. బస గురించైతే ఆ సలహా సరైనదే. కానీ మనం వెళ్లేది సముద్రం కోసం. నీళ్లు ఎలా ఉంటాయో దీవి వైశాల్యం చెప్పలేదు. ఒడ్డు ఏ దిక్కుకు తిరిగి ఉంది, నీటి అడుగున ఇసుక ఉందా పగడపు రాయి ఉందా, గాలి ఎటు నుంచి వీస్తోంది, చంద్రుడు ఏ దశలో ఉన్నాడు అనే నాలుగు విషయాలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. దీవిని ముందే ఎంచుకుని వీటిని గాలికి వదిలేస్తే ఎంపిక తలకిందులవుతుంది. నెలనూ దిక్కునూ తిథినీ ముందు చూసుకుంటే, ఏ దీవి అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది అంతే.

మొదట ఒకే దీవిలోని రెండు ఒడ్లను పోల్చి చూద్దాం. హేవ్‌లాక్ పడమటి తీరాన రాధానగర్ ఉంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అని మెచ్చుకున్నది దీన్నే. అదే దీవి తూర్పు తీరాన విజయనగర్ ఉంది. ఫొటోల్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి: తెల్లటి ఇసుక, నీలి నీళ్లు, ఒడ్డు మీదికి వంగిన చెట్లు. తేడా అంతా నీటి కింద ఉంది. రాధానగర్ దగ్గర ఇసుక నేల ఏటవాలుగా లోతుకు దిగుతుంది. విజయనగర్ ముందు పగడపు దిబ్బ వెనక ఇసుకా, చచ్చిన పగడమూ కలిసిన రాతి పరుపు దాదాపు చదునుగా చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఈ వాలు ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. అక్కడ పెద్ద ఆటుపోట్ల రోజున నీటిమట్టం సుమారు రెండు మీటర్లు పడిపోతుంది. పది మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే వాలు మీద అయితే ఆటు సమయంలో నీటి అంచు ఇరవై మీటర్లు వెనక్కి పోతుంది, అంతే. ఈతకొట్టేవాళ్లకు అది పట్టించుకోవలసిన సంగతే కాదు. నూటయాభై మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే పరుపు మీద అదే ఆటుకు నీళ్లు మూడు వందల మీటర్లు వెనక్కి తగ్గుతాయి. పొద్దున ఛాతీలోతు నీళ్లున్న చోట మధ్యాహ్నానికి మడమలు కోసే రాళ్లు బయటపడతాయి. దీవి ఒకటే, రోజూ ఒకటే, పైనున్న చంద్రుడూ ఒకడే. అయినా రెండు ఒడ్ల మధ్య ఇంత తేడా వచ్చింది. హేవ్‌లాక్‌కూ నీల్‌కూ మధ్య అందరూ చెప్పే తేడాలేవీ దీనికి సాటి రావు.

ఇక గాలి సంగతి. నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట పలకరించేది అండమాన్ దీవులనే, మే మూడో వారం ప్రాంతంలో. అప్పటి నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. నవంబరుకు గాలి తిరిగి ఈశాన్యం నుంచి వస్తుంది. ఏడాదికి కురిసే దాదాపు 3,000 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం మే, నవంబరు నెలల మధ్యే పడుతుంది. ఇది విశాఖపట్నం వర్షపాతానికి రెండింతల పైమాటే. అలలను పుట్టించేది గాలి కాబట్టి, గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డు కల్లోలంగా, దీవి చాటున ఉన్న ఒడ్డు నెమ్మదిగా ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి వరకు రాధానగర్ అంత ప్రశాంతంగా ఉండటానికి కారణం ఇదే: ఈశాన్యపు గాలికి దీవి మొత్తం అడ్డు నిలుస్తుంది. జులైలో అదే రాధానగర్‌కు ఆ చాటు ఉండదు. ఇసుక ఒడ్డున అలలు బలంగా విరిగినప్పుడు ఒడ్డుకు చేరిన నీరంతా ఇరుకైన పాయలుగా సముద్రంలోకి వేగంగా తిరిగి వెళ్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రాణాలు తీసే రిప్ ప్రవాహాలు ఇలా ఏర్పడేవే. అందుకని వానాకాలంలో ఈతకు తూర్పు ఒడ్డు మేలు, చలికాలంలో పడమటి ఒడ్డు మేలు. నీల్‌లోనూ ఇదే వరస: పడమటి లక్ష్మణ్‌పూర్‌కూ తూర్పు సీతాపూర్‌కూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

నిజమైన సముద్రం ఇంత సూటిగా నడవదని ఎవరైనా అంటే, అది న్యాయమైన అభ్యంతరం. హేవ్‌లాక్‌కు పడమట దక్షిణ అండమాన్ భూభాగం అడ్డుగా ఉంది. ఈశాన్యాన జాన్ లారెన్స్, హెన్రీ లారెన్స్ దీవులున్నాయి. అందువల్ల ఆ రెండు పక్కలా గాలికి వందల కిలోమీటర్ల తెరిపి దొరకదు, ఇక్కడి అలలు నడిసముద్రపు అలలంత పెరగవు. దక్షిణం నుంచి వచ్చే దూరపు అలలు దీవుల మధ్య సందుల్లోకి వంగి చొరబడతాయి కూడా. అన్నిటికంటే పెద్ద అడ్డుకట్ట పగడపు దిబ్బ. ప్రపంచంలోని అనేక దిబ్బల కొలతలను కూర్చి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం, అలల శక్తిలో సగటున 97 శాతాన్ని దిబ్బలే మింగేస్తాయని లెక్కగట్టింది. ఈ వివరాలు దిక్కు లెక్కను కొట్టిపారేయవు, దానికి మరింత పదును పెడతాయి. ఒడ్డు ఎటు తిరిగి ఉందో చూశాక ముందు దిబ్బ ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న అవుతుంది. దిబ్బ ఉన్న చోట అలల భయం తక్కువ, ఆటు చిక్కు ఎక్కువ. దిబ్బ లేని ఇసుక వాలులో ఆటు చిక్కు లేదు, గాలి మళ్లితే అలల భయం ఉంది. రెండు లాభాలూ ఏడాది పొడుగునా ఇచ్చే ఒడ్డు ఈ దీవుల్లో లేదు. అందుకే కాలాన్ని బట్టి ఒడ్డును మార్చుకోవాలి.

కాలం అంటే నెల ఒక్కటే అనుకుంటే సగం లెక్కే చేసినట్టు. మిగతా సగం చంద్రుడిది. ఇక్కడ తెలుగు పాఠకుడి దగ్గర ఇప్పటికే ఒక మంచి సాధనం ఉంది, గోడ మీద వేలాడే క్యాలెండరులోనే. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి గడిచినట్టు. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది. పోటు చంద్రుడి వెంట నడుస్తుంది కాబట్టి, ఒక్కో తిథి గడిచేకొద్దీ పోటు వేళ కూడా సుమారుగా అంతే ఆలస్యమవుతుంది. అంటే ఒక ఒడ్డున ఒక అమావాస్య నాడు ఆటు ఏ వేళకు వచ్చిందో గుర్తుపెట్టుకుంటే, ఆ తర్వాతి పున్నమికీ అమావాస్యకూ ఇంచుమించు అదే వేళకు వస్తుంది. అష్టమికి ఆరు గంటలు జరిగి, ఆ వేళకు ఆటుకు బదులు పోటు ఉంటుంది. ఎత్తు లెక్క కూడా తిథిలోనే ఉంది. సముద్రం మీద సూర్యుడి లాగుడు చంద్రుడి లాగుడులో 46 శాతం. అమావాస్యకూ పున్నమికీ రెండు లాగుళ్లూ ఒకే వరసలోకి వచ్చి కలుస్తాయి, అష్టమికి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. 146కూ 54కూ ఉన్న నిష్పత్తి అది. పెద్ద ఆటుపోట్ల తేడా రెండు మీటర్లయితే అష్టమి నాటి తేడా ముప్పావు మీటరు ప్రాంతంలో ఉంటుంది. సముద్రపు నీటికి జడత్వం ఉంది కనుక ఈ ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. అమావాస్య, పున్నములకు పోటు ఎక్కువని మన తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారులు తరతరాలుగా ఎరుగుదురు. కచ్చితమైన వేళలు కావలసినవారికి సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు ఉన్నాయి.

ఈ లెక్క ఎంపికను ఎలా మార్చేస్తుందో చూడటానికి నీల్ దీవి చక్కటి ఉదాహరణ. అక్కడ చూడదగ్గవిగా అందరూ చెప్పేవి రెండు. ఒకటి, లక్ష్మణ్‌పూర్ వైపున్న సహజ వంతెన. పగడపు సున్నపురాయిని అలలు తొలిచి మలిచిన కమాను అది. దాని కిందికి వెళ్లాలంటే రాళ్ల మీదుగా నడవాలి, ఆ దారి ఆటు సమయంలోనే తేలుతుంది. నీరు బాగా తగ్గినప్పుడు రాళ్ల మధ్య మడుగుల్లో సముద్ర దోసకాయలు, చిన్న పీతలు, నక్షత్ర చేపలు కనిపిస్తాయి. దీనికి అమావాస్య, పున్నముల చుట్టూ ఉన్న రోజులే మంచివి. రెండోది, జెట్టీకి దగ్గరలోని భరత్‌పూర్ ఒడ్డు. లోతు తక్కువైన నీళ్లలో పగడాలను చూడటానికి, అడుగున గాజు బిగించిన పడవ ఎక్కడానికి అక్కడికి వెళ్తారు. నీరు పూర్తిగా తగ్గిపోతే పడవ కదలదు, ఈతకొట్టేవారి కాళ్లు పగడాలను తొక్కుతాయి. దీనికి అష్టమి చుట్టూ ఉన్న రోజులు అనువైనవి, రోజంతా నీటిమట్టం పెద్దగా మారదు కాబట్టి. ఇంత చిన్న దీవిలో రెండు ఆకర్షణలు రెండు వేర్వేరు చంద్రులను కోరుకుంటున్నాయి. నీల్ బాగుంటుందా అన్న ప్రశ్నకు తేదీ చెప్పకుండా జవాబు చెప్పడం కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సెలవులు మన చేతిలో లేవు కదా, పిల్లల బడి ఎప్పుడు మూసేస్తే అప్పుడే వెళ్లగలం, ఇక నెలనూ తిథినీ ఎంచుకునేదెక్కడ అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. కానీ తేదీ ముందే ఖాయమైనవారికే ఈ లెక్క ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే వాళ్ల చేతిలో మిగిలిన ఎంపిక ఒడ్డు ఒక్కటే. తెలుగు రాష్ట్రాల సెలవులను తీసుకుని చూద్దాం. దసరా ఎప్పుడూ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమితో మొదలవుతుంది, అంటే అమావాస్య మర్నాడు. కాబట్టి సెలవుల తొలి రోజుల్లో ఆటుపోట్లు పెద్దవిగా ఉండి, దుర్గాష్టమి దాటేసరికి చిన్నవవుతాయి. ఈ క్రమం ఏటా తప్పదు. మొదటి సగంలో సహజ వంతెన, రెండో సగంలో పగడపు నీళ్లు పెట్టుకుంటే సరిపోతుంది. నైరుతి గాలి ఇంకా పూర్తిగా తగ్గని కాలం కనుక పడమటి ఒడ్డున ఈతకు దిగేముందు ఆ రోజు అలల సమాచారం చూసుకోవాలి. దీపావళి అమావాస్య నాడే వస్తుంది, అప్పుడు చదునైన తూర్పు ఒడ్డున బస చేసినవారికి నీళ్లు రోజుకు రెండుసార్లు దూరమైపోతాయి. సంక్రాంతి సూర్యుడి లెక్క మీద వచ్చే పండుగ కాబట్టి తిథి ఏటా మారుతుంది, ఆ ఏటి పంచాంగం చూడాలి. ఈశాన్యపు గాలికి చాటుగా ఉండే రాధానగర్‌కు మాత్రం జనవరి అనుకూలమైన నెల. ఇక వేసవి సెలవుల్లో ఏప్రిల్‌కూ మే చివరి వారానికీ చాలా తేడా ఉంటుంది, మధ్యలో రుతుపవనం దిగుతుంది. అలల ఎత్తూ దిశా ముందుగా చెప్పే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రానికి దూరంగా హైదరాబాదులోనే ఉంది. దాని సూచనలు మత్స్యకారులకు ఎంత అవసరమో ఈతకు దిగే యాత్రికుడికీ అంతే అవసరం.

మరో వాదన రాధానగర్ పేరు మీద ఆధారపడుతుంది. అంత ప్రసిద్ధమైన ఒడ్డు హేవ్‌లాక్‌లో ఉన్నప్పుడు వేరే ఆలోచన ఎందుకని. ఆ ప్రసిద్ధి ఉత్తదేమీ కాదు. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆటుకు లొంగని ఇసుక వాలు, చలికాలపు గాలికి దొరికే చాటు, పడమర దిక్కుకు తెరుచుకున్న సూర్యాస్తమయం అక్కడ ఒకేచోట కలిశాయి. దాని గొప్పతనానికి కారణాలను వెతికితే మనం అనుకున్న దిక్కూ, వాలూ, కాలమే మళ్లీ ఎదురవుతాయి. ఆ కారణాలు లేని రోజున పేరు మన సెలవును కాపాడదు. సూర్యాస్తమయానికి కూడా ఒక లెక్క ఉంది. మన గడియారం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల మీద నడుస్తుంది, ఈ దీవులు 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు గడియారం కంటే 42 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు వాలిపోతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత తీరిగ్గా బయల్దేరితే వెలుగు దక్కదు. జాగ్రత్త మాట ఒకటి చెప్పక తప్పదు. 2010లో రాధానగర్ దగ్గర ఉప్పునీటి మొసలి దాడిలో ఒక విదేశీ పర్యాటకురాలు ప్రాణం కోల్పోయింది. మడ అడవుల కాలువల్లో బతికే ఆ జంతువు అక్కడి అసలు నివాసి. ఈతకు అనుమతించిన హద్దు దాటకపోవడం ఎంత అందమైన ఒడ్డుకైనా వర్తించే నియమం.

రెండు దీవులూ పక్కపక్కనే ఉన్నాయి, ఫెర్రీలు తిరుగుతూనే ఉంటాయి, రెండూ చూసేస్తే ఈ తర్జనభర్జనే అక్కర్లేదు కదా అనేవారూ ఉన్నారు. రోజులు చేతినిండా ఉన్నవారికి అది మంచి మార్గమే. నాలుగు రోజుల సెలవులో రెండు బసలు మారితే సామాను సర్దడం, జెట్టీలో వేచి ఉండటం, ప్రయాణం కలిసి దాదాపు ఒక పూట పోతుంది. ఆ పూటే ఆటుకో పోటుకో మనకు కావలసిన పూట కావచ్చు. లెక్క తెలిసినవారు ఒకే దీవిలో ఉండి, పొద్దున ఒక ఒడ్డుకూ సాయంత్రం మరో ఒడ్డుకూ వెళ్లి రెండు సముద్రాలను చూడగలరు. ఇలా లెక్కలు వేసుకుంటూ పోతే ఆనందం ఎక్కడుంటుందనే మాటకు కూడా ఇదే జవాబు. తిథి చూసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది. చూసుకోనివారు నీళ్లు లేని ఒడ్డున కూర్చుని, దీవి బాగోలేదని తిరిగి వస్తారు. నిందపడేది ఏ పాపమూ ఎరుగని ఒడ్డు మీద.

ఇంతవరకూ దీవి మనకు ఏమిస్తుందని అడిగాం. మనం దాన్నుంచి ఏం తీసుకుంటున్నామన్నది కూడా ఎంపికలో భాగమే. కాళ్ల కింది తెల్లటి ఇసుకలో చాలా మటుకు ఒకప్పటి జీవం. మాల్దీవుల్లోని వక్కారు దీవి మీద 2015లో వెలువడిన అధ్యయనం, అక్కడి దిబ్బ మీద కొత్తగా పుట్టే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుకచేపలు తయారుచేసేదేనని తేల్చింది. అవి పగడపు రాయిని కొరికి, నాచును అరిగించుకుని, పొడిని విసర్జిస్తాయి. అండమాన్ ఒడ్లలో ఆ వాటా వేరుగా ఉండవచ్చు, కానీ పగడం, దాన్ని కొరికే చేప, ఇసుక అనే గొలుసు అక్కడా ఉంది. ఆ గొలుసుకు వేడి శత్రువు. నీరు మామూలు వేసవి గరిష్ఠాన్ని ఒక డిగ్రీ దాటి వారాల తరబడి ఉంటే, పగడం తనలో బతికే నాచును వెళ్లగొట్టి పాలిపోతుంది. 2010 మే నెలలో అండమాన్ పగడాలు ఇలాగే పెద్దఎత్తున పాలిపోయాయి, 2016లో మళ్లీ. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు నిర్మలంగా ఉండి స్నార్కెలింగ్‌కు ఊరిస్తున్నా, ఆ నెలల్లోనే పగడాలు అత్యంత బలహీనంగా ఉంటాయి. ఆటు వేళ వాటి మీద నిలబడటం అప్పటికే జబ్బుపడిన జీవిని తొక్కడమే. సరైన తిథి ఎంచుకోవడం మన సౌకర్యానికే కాదు, వాటి ప్రాణానికీ మేలు చేస్తుంది.

చిట్టచివరికి దీవి పరిమాణం అసలు ఎక్కడ లెక్కలోకి వస్తుందో చూద్దాం: మంచినీళ్ల దగ్గర. చిన్న దీవుల్లో భూమిలోకి ఇంకిన వాననీరు, బరువైన ఉప్పునీటి మీద నూనెలా తేలుతూ నిలుస్తుంది. మంచినీటి సాంద్రతకూ సముద్రపు నీటి సాంద్రతకూ ఉన్న తేడా నలభైలో ఒక వంతు. అందువల్ల భూగర్భజలం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిస్తే, దాని కింద నలభై మీటర్ల లోతు వరకు మంచినీరు ఉండగలదు. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వేర్వేరుగా గుర్తించిన సూత్రం ఇది. దీన్ని తిరగేసి చూస్తే భయం వేస్తుంది: బావుల్లో నీటిమట్టాన్ని ఒక మీటరు తోడేస్తే, కాలక్రమంలో కింది ఉప్పునీరు నలభై మీటర్లు పైకి రాగలదు. ఈ రెండు దీవుల నేల పొరలు సూత్రం ఊహించినంత సరళమైనవి కావు. అయినా వాన పట్టే నేల ఆరు రెట్లకు పైగా తక్కువైన నీల్ దగ్గర ఓర్పు కూడా తక్కువే ఉంటుందన్నది సూటి తర్కం. ప్రశాంతత కోసం చిన్న దీవికి వెళ్లమనే సలహాలో లోపం ఇక్కడ బయటపడుతుంది. అందరూ ఆ సలహా పాటిస్తే ప్రశాంతతా పోతుంది, కూరగాయలు పండించే ఆ ఊళ్ల బావులూ ఉప్పబడతాయి. నీల్‌కు వెళ్లవద్దని దీని అర్థం కాదు. వానలు ఆగి నెలలు గడిచిన మార్చి, ఏప్రిల్‌లలో అక్కడ బస చేసేవారు ఒక్కో బకెట్టు నీటి విలువా తెలిసి వాడాలి. నీళ్లు దండిగా ఖర్చుచేసే బసలను ఎంచుకోకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు వరస తేలింది. వెళ్లే నెలను బట్టి గాలి దిక్కు తెలుస్తుంది, దాన్నిబట్టి తూర్పు ఒడ్డో పడమటి ఒడ్డో తేలుతుంది. తిథిని బట్టి ఆటుపోట్ల ఎత్తూ వేళా తెలుస్తాయి, వాటిని బట్టి ఇసుక వాలు కావాలో, పగడపు పరుపు కావాలో, రాళ్ల మీద నడక కావాలో నిర్ణయించుకోవచ్చు. ఆ ఒడ్డు ఏ దీవిలో ఉంటే అక్కడే బస. చలికాలంలో, అమావాస్య రోజుల్లో, ప్రధానంగా ఈత కోరుకునేవారికి జవాబు హేవ్‌లాక్ పడమటి తీరం. అదే చలికాలంలో అష్టమి దాపున పగడాలు చూడాలనుకునేవారికి నీల్ సరిపోతుంది. మరో నెలకు, మరో తిథికి జవాబు మారుతుంది, మారడమే సరైనది. ఇదే వరస లక్షద్వీప్‌కైనా, మాల్దీవులకైనా పనికొస్తుంది. ఉష్ణమండలపు దీవులన్నిటినీ గాలి, చంద్రుడు, పగడం కలిసే నడిపిస్తాయి. ఈ మూడింటిని అడిగి వెళ్లే యాత్రికుడు ఎక్కువ చూస్తాడు, తక్కువ పాడుచేస్తాడు. మన పిల్లలకు కూడా ఆ ఒడ్లు మిగలాలంటే అలాంటి యాత్రికులు ఎక్కువమంది కావాలి.